నాన్న పెట్టెలకు మా వదిన చేయించిన స్నానం

మా ఎర్మీనియా వదిన మా ఇంటికి కోడలిగా వచ్చేనాటికి ఆపిల్ చెట్టు మొహం చూసి ఎరగదు. ఆమెది కుయాత్రో సియెనెగాస్ అవతలి ఎడారి. అక్కడ కంటికి ఆనేవి రాళ్లు, మేకలు, కాందెలియా అనే మైనపు మొక్క. ఆ మొక్కను వేళ్లతో సహా పీకి, కట్టలు కట్టి గాడిదల మీద మోసుకొచ్చి, పెద్ద ఇనుప కొప్పెరలో మరిగించి, పైకి తేలిన మైనపు నురగ తీసి బతికేవాళ్లు ఆమె పుట్టింటివాళ్లు. మాదేమో అర్తెయాగా కొండల్లో లోయ. చలికాలం మంచు, ఎండాకాలం వడగళ్లు, మధ్యలో ఆపిల్.

పెళ్లయిన మరుసటి నెల తోట పూసింది. ఆ ఉదయం వదిన తలుపు తీసి చూసి, మంచు కురిసిందనుకొని శాలువా కప్పుకొని బయటికొచ్చింది. ఆ సంగతి మా లోయలో ఇప్పటికీ చెప్పుకొని నవ్వుతారు. నవ్వేవాళ్లను నవ్వనివ్వండి. నోరంతా తెరిచి నవ్వేవాడి నోట్లోకే ఈగ పోతుంది.

ఆమెను కట్టుకున్నది మా చిన్నన్న ఎవరిస్తో. మంచివాడు, మాట తక్కువ. దుంగలు మోసే లారీ మలుపులో బోర్లాపడి చనిపోయాడు. పిల్లలు లేరు. తోట మాత్రం మిగిలింది, అది కూడా పూర్తిగా ఆమెది కాదు. మా నాన్న ప్రిమితివో నాటిన చెట్లు, ఇద్దరు కొడుకులకూ ఉమ్మడి. ఎవరిస్తో పోయాక పెత్తనం మా పెద్దన్న దోనాసియానోది. ఆయనకు పై వాలులో బంగాళాదుంప చేను ఉంది, ఇంకా కావాలనే ఆశ కూడా ఉంది. తోట పోతే వదినకు మా లోయలో చెయ్యడానికి పనీ లేదు, ఉండడానికి కారణమూ లేదు. తిరిగి ఆ రాళ్లలోకి పోయి, అన్నదమ్ముల పెళ్లాల పొయ్యి దగ్గర మూడో మనిషిగా కూర్చోవాలి. ఈ మాట ఆమె ఎన్నడూ పైకి అనలేదు. నేను అంటున్నాను.

ఆడపడుచును కదా, వదినను సాధించాలి గాని వెనకేసుకు రావడమేమిటని మా పక్కింటావిడ అడిగింది. నాకు సాధించడానికి మా అన్నయ్య ఒక్కడు చాలని చెప్పాను.

ఎవరిస్తో పోయిన దగ్గర్నుంచి వరసగా మూడు పంటలు పురుగు పాలయ్యాయి. కాయ పైకి ఎర్రగా, నున్నగా, పెళ్లికూతురి బుగ్గలా ఉండేది. కోస్తే లోపల గింజల దాకా నల్లటి సొరంగం, తడిసిన ముక్కుపొడిలాంటి పెంట, దాని చివర గులాబీ రంగు పురుగు సుఖంగా పడుకొని ఉండేది. మోంతెర్రేయి పట్నం నుంచి కాయలు కొనడానికి వచ్చే లారీవాళ్లు ఒక కాయ కొరికి, ఉమ్మి, మాట్లాడకుండా పక్క లోయకు పోయేవారు. మా పందులు మాత్రం ఆ మూడేళ్లూ దొరసానుల్లా బలిశాయి.

మూడో పంట రోజు రాత్రి భోజనాల దగ్గర అన్నయ్య రొట్టె మడుస్తూ తీర్పు చెప్పేశాడు.

"వచ్చే సెప్టెంబరులో కూడా ఇదే కథయితే ట్రాక్టరుకు గొలుసు కట్టి చెట్లన్నీ పీకేస్తా. దుంప వేస్తా. దుంపకు కనీసం మట్టిలో దాక్కునే సిగ్గన్నా ఉంది."

వదిన చిక్కుడు గింజల గిన్నె ఆయన ముందుకు జరిపింది. "సరే బావగారూ. అప్పటిదాకా తోటలో నా మాట చెల్లాలి. మందు కొట్టేది కూడా నేను చెప్పినప్పుడే."

అన్నయ్య నవ్వి ఒప్పుకున్నాడు. ఆమె ఎలాగూ ఓడుతుందని ఆయన ధీమా. ఓడేవాళ్లకు వరాలివ్వడానికి ఎవరికైనా చెయ్యి బాగా వస్తుంది.

మందు సంగతి ఎందుకు అడిగిందో చెప్పాలి. మా ఇంట్లో మందు కొట్టేది పునీతుల పండుగలను బట్టి. మా నాన్న పెట్టిన ఆచారం అది. రైతుల పునీతుడు ఇసిద్రో పండుగకు ఒకసారి, అంతోనియో పండుగకు ఒకసారి, జువాన్ పండుగకు ఒకసారి. ఉదయం పూజ, తర్వాత మందు, తర్వాత పంది మాంసం కూర. పూజకూ కూరకూ నాకేమీ అభ్యంతరం లేదు. కాని పురుగు క్యాలెండరు చూసుకొని గుడ్డులోంచి రాదు కదా.

అసలు ఆ పురుగు ఎక్కణ్ణుంచి వస్తుందో మా లోయలో ఒక్కరికీ తెలియదు. పూత మీద గ్రహణం పడితే పుడుతుందని కొందరు, మెరుపు వల్లనని కొందరు, కాయ కుళ్లితే అందులోంచే లేస్తుందని ఇంకొందరు. వదిన ఎవరితోనూ వాదించలేదు. ఆ శీతాకాలం పురుగు కాయలు ఏరి గాజు సీసాల్లో వేసి, మూతికి గుడ్డ కట్టి, వంటింటి కిటికీలో వరసగా పెట్టింది. చూడవచ్చిన ఆడవాళ్లు అది ఊరగాయ అనుకున్నారు. ఒకామె రుచి అడిగింది కూడా. నేను పెట్టమన్నాను, వదిన పెట్టనివ్వలేదు.

సీసాల్లో పురుగులు కాయ వదిలి బయటికొచ్చాయి. గోడలు పట్టుకొని తిరిగి తిరిగి, కింద పరిచిన అట్టముక్క మడతల్లో దూరి, ఒంటి చుట్టూ దారం అల్లుకొని కదలకుండా పడుకున్నాయి. డిసెంబరు పోయింది, మంచు పోయింది, అవి అలాగే ఉన్నాయి. చచ్చాయని నేను అన్నాను. వదిన సీసాకు చెవి పెట్టి విన్నంత పని చేసింది.

మొగ్గ విచ్చుకునే రోజుల్లో ఒక ఉదయం ఆమె మా గుమ్మంలోకి సీసా పట్టుకొని పరిగెత్తుకొచ్చింది. జడ సగం అల్లి సగం వదిలేసింది. పెళ్లికి కూడా ఆమె అంత తొందరపడగా నేను చూడలేదు. సీసాలో బూడిద రంగు రెక్కల పురుగు ఒకటి కూర్చొని ఉంది. గోరంత ఉంటుంది. రెక్కల కొసన మాత్రం రాగి రంగు మచ్చ, నిప్పు తగిలి కమిలినట్టు.

"త్రాన్సితో, ఇది ఎగురుతుంది," అంది. "గ్రహణమూ కాదు, మెరుపూ కాదు. మన పురుగుకు రెక్కలొస్తున్నాయి. ఇదే మళ్లీ కాయ మీద గుడ్డు పెడుతుంది."

ఆ వారమే సాల్తియో పట్నం నుంచి ఆర్నుల్ఫో అనే వ్యవసాయ ఇంజనీరు తోటలు చూడడానికి వచ్చాడు. కుర్రవాడు, బూట్లకు మట్టి అంటినా లెక్కచెయ్యని రకం. సీసా చూసి ఆయన మొహం వెలిగింది. ఆమె అనుకున్నది సరిగ్గా అదేనన్నాడు. ఆయన తనతో అట్టతో చేసిన జిగురు బోనులు తెచ్చాడు. గుడారంలా మడిచి ఉంటాయి, లోపల అడుగున జిగురు, మధ్యలో చిన్న రబ్బరు ముక్క. ఆ రబ్బరుకు ఆడ పురుగు వాసన పట్టించి ఉంటుందట. మగ పురుగులు అది తగిలి వచ్చి జిగురులో ఇరుక్కుంటాయి. అవి ఎప్పుడు ఎక్కువగా పడుతున్నాయో చూసుకొని, గుడ్డు పగిలే రోజులు అంచనా కట్టి, అప్పుడు కొట్టాలి మందు. మగజాతికి ఇది కొత్త కాదని, వాసన తగిలితే ఎందులో కాలు పెడుతున్నారో చూసుకోరని నేను అన్నాను. ఇంజనీరు చెవులు ఎర్రబడ్డాయి. పాపం, పెళ్లి కానివాడు.

బోనులు మూడు కట్టారు. ఒకటి తోట పై అంచున, ఒకటి నడుమ, ఒకటి ఇంటి వైపు సామాన్ల కొట్టం పక్కన. పైదానిలో అరకొరగా పడ్డాయి. నడుమదానిలో ఇంకొన్ని. కొట్టం పక్కదానిలో జిగురు కనబడలేదు. బొగ్గు చల్లినట్టు అంతా పురుగే.

మరో వారం గడిచి ఇంజనీరు వచ్చేసరికి వదిన ఆ బోనును రెండు చేతులతో ప్రసాదంలా పట్టుకొని నిలబడింది. ఆయన తల గోక్కున్నాడు. ఇక్కడి చెట్లూ మిగతా చెట్లలాంటివే కదా, ఇక్కడే ఎందుకింత, ఈ పక్కన ఏముందని అడిగాడు. ఇద్దరూ ఒకేసారి కొట్టం వైపు చూశారు. వదిన అప్పటికే గొళ్లెం లాగుతోంది.

కొట్టంలో ఉన్నవి మా నాన్న పెట్టెలు.

వాటి గురించి చెప్పకపోతే మా అన్నయ్య మీకు అర్థం కాడు. మా నాన్న ప్రతి శీతాకాలం పైన్ చెక్క కోసి, నునుపు పట్టి, మేకులు కొట్టి ఆపిల్ పెట్టెలు చేసేవాడు. ఇనుప ముద్ర కాల్చి ప్రతిదాని మీదా తన పేరు అక్షరాలు వేసేవాడు. లోయంతా ప్లాస్టిక్ డబ్బాలకు మారినా మా ఇంట్లో మారలేదు. పంట కాగానే పెట్టెలు తుడిచి, కప్పు తాకేలా పేర్చి, వచ్చే ఏటికి దాచడం. చనిపోయినవాళ్ల పండుగకు నాన్న ఫోటో పెట్టేది కూడా వాటి మీదే. పగిలిన పెట్టెను పొయ్యిలో పెట్టడానికి మా ఇంట్లో ఎవరికీ చెయ్యి రాదు. అతికించి మళ్లీ పేరుస్తాం.

వదిన ఒక పెట్టె దించి, చెక్కల సందులో కత్తి మొన పెట్టి ఎత్తింది. సందు పొడవునా తెల్లని గూళ్లు. కొన్ని ఖాళీ, కొన్ని నిండు. మూలల్లో, మేకు రంధ్రాల్లో, ముద్ర కాల్చిన గుంటల్లో కూడా. పంట రోజున పురుగు కాయతోపాటు పెట్టెలోకి చేరి, అక్కడే కాయ వదిలి, చెక్కలో దూరి, హాయిగా చలికాలం గడిపి, పూత సమయానికి తలుపు సందులోంచి తోటలోకి ఎగురుతోంది. ఏటేటా దాని ప్రయాణపు పెట్టెను మేమే మోసి, మేమే తుడిచి, మేమే గొళ్లెం పెట్టాం.

"దొరికారు," అంది వదిన. కత్తి మొన మీది గూడును ఇంజనీరు అరచేతిలో పెట్టింది.

ఇంకా చాలా గూళ్లు నిండుగానే ఉన్నాయి కాబట్టి ఆలస్యం చెయ్యకూడదని ఇంజనీరు చెప్పాడు. పాత పెట్టెలను చాలామంది కాల్చేస్తారట, వసతి ఉన్నచోట ఆవిరి పట్టిస్తారట. కాల్చడమనే మాట గాలిలో పడీ పడకముందే మా అన్నయ్య గుమ్మంలో ఉన్నాడు.

ఆ వాదన మొత్తం రాస్తే కాగితం కమిలిపోతుంది. ఇంజనీరుకు తల్లిదండ్రులు లేరా అన్నాడు. ఎడారి మనిషికి చెక్క విలువేం తెలుసన్నాడు. నాన్న చేతి గుర్తులు వాటి మీద ఉన్నాయన్నాడు, అది నిజమే. చివరికి కొట్టం తలుపుకు వీపు ఆనించి నిలబడి, చెట్లు పీకమంటే ఈ సాయంత్రమే పీకుతానుగాని పెట్టె మీద చెయ్యి పడనివ్వనన్నాడు.

నేను ఇంక ఆగలేకపోయాను.

"పెట్టె నాన్న చేశాడు, చెట్టు పక్కింటాయన నాటాడా అన్నయ్యా? పురుగుల్ని మోసే చెక్క నాన్న గుర్తు, కాయ కాసే చెట్టు దుంపకు అడ్డం. బాగుంది నీ పితృభక్తి."

వదిన మా ఇద్దరి మధ్యలోకి నెమ్మదిగా వచ్చింది.

"కాల్చను బావగారూ. స్నానం చేయిస్తాను."

అంతే అంది. ఆ మధ్యాహ్నమే పుట్టింటికి కబురంపింది. మర్నాడు సాయంత్రం పొద్దుండగానే ఆమె అన్నదమ్ములు లారీ మీద మైనం తీసే కొప్పెర బోర్లించి కట్టుకొని లోయలోకి దిగారు. దుమ్ము కొట్టుకుపోయి, కనుబొమలు కూడా తెల్లగా ఉన్నాయి. ఆ కొప్పెర ఎంతదంటే అందులో మా అన్నయ్యనూ ఆయన మొండితనాన్నీ కలిపి ఉడకబెట్టవచ్చు. దానికి పైన ఇనుప జాలీ ఉంటుంది. మొక్కల కట్టలు నీళ్లలోంచి పైకి తేలకుండా జాలీని మూసి కాలితో తొక్కి పడతారు. వాళ్ల ఊళ్లో పసిపిల్లలకు కూడా వచ్చిన పని అది. మా లోయలో ఎవరూ చూసి ఎరగరు.

నేలలో గుంట తవ్వి, కొప్పెర దించి, కింద పైన్ దుంగలు పేర్చారు. నీళ్లు కళపెళా మరిగేసరికి లోయలో సగం మంది మా కంచె మీద ఉన్నారు. అన్నయ్య ఒక షరతు పెట్టాడు. మొదటి పెట్టె తనే ఏరి ఇస్తాడు, దాని మేకు ఊడినా చెక్క చీలినా అక్కడితో ఆపాలి. వదిన ఒప్పుకుంది. ఆమె అన్న తెలెస్ఫోరో ఆమెవైపు భయంగా చూశాడు. వాళ్లు ఉడకబెట్టేది మొక్కల్ని గాని వడ్రంగి పనిని కాదు.

అన్నయ్య ఏరింది ఉన్నవాటిలోకెల్లా పాతది. కావాలనే ఏరాడో, ప్రేమ కొద్దీ ఏరాడో నేను చెప్పలేను. వదిన దాన్ని స్వయంగా నీళ్లలోకి దించి జాలీ మూసి, పాదం పెట్టి తొక్కింది. ఆవిరిలో ఆమె మొహం కనబడలేదు. చెక్క కిర్రుమంది, ఒకసారి, మళ్లీ ఒకసారి. అన్నయ్య టోపీ తీసి చేత్తో నలపడం మొదలుపెట్టాడు. నేను లోలోపల మొక్కుకుంటున్నాను. అది నాన్న పెట్టె కోసమో వదిన కోసమో ఆ క్షణంలో నాకే తెలియలేదు.

జాలీ ఎత్తారు. తెలెస్ఫోరో కొక్కెంతో పెట్టె పైకి లాగి గడ్డి మీద పెట్టాడు. అన్నయ్య మోకాళ్ల మీద కూర్చొని నాలుగు మూలలూ తడిమాడు, చెయ్యి కాలుతున్నా. ఒక్క మేకు కదల్లేదు. తడికి నాన్న అక్షరాలు కొత్తగా కాల్చినట్టు నల్లగా తేలాయి.

అప్పుడు ఎవరో కొప్పెరలోకి చూడమన్నారు. నీళ్ల మీద ఉడికిన బియ్యంలా పురుగులు, తొక్కలు, గూళ్లు తేలి తిరుగుతున్నాయి. ఒకే ఒక్క పెట్టెలోంచి వచ్చినవి. అన్నయ్య కొప్పెర మీదకు వంగాడు.

"ఇవన్నీ నాన్న పెట్టెలోనివేనా?" అన్నాడు, చిన్నపిల్లవాడిలా.

"ఆయన కట్టింది ఆపిళ్ల కోసమే బావగారూ," అంది వదిన. "వీళ్లు పిలవకుండా వచ్చారు."

తర్వాత ఎవరూ ఎవరికీ చెప్పనవసరం లేకపోయింది. ఒకరు మోయడం, ఒకరు ముంచడం, ఒకరు ఎండలో ఆరబెట్టడం. బరువు కొమ్మలకు పెట్టే ఊతకర్రల పగుళ్లలో కూడా గూళ్లు కనబడితే వాటి మీద బిందెలతో మరిగే నీళ్లు పోశాం. రొట్టెలు కాల్చి కాల్చి నా చేతులు పోయాయి. కంచె మీద ఉన్నవాళ్లు ఇళ్లకు పోయి తమ తమ పాత చెక్క సామానూ మోసుకొచ్చారు. పెళ్లిలో కూడా మా లోయ అంత సందడిగా ఉండదు. మర్నాటి సాయంకాలానికి గడ్డి మీదంతా నాన్న పేరే ఎండలో ఆరుతోంది.

అంతటితో అయిపోయిందనుకుంటే పురుగును తక్కువ అంచనా వేసినట్టే. ముందే ఎగిరిపోయినవి తోటలోనే ఉన్నాయి. మేలో బోను లెక్కను బట్టి, ఇంజనీరు చెప్పిన రోజున వదిన మందు కొట్టించింది, ఒకే ఒక్కసారి. అది ఏ పునీతుడి పండుగా కాదు. అన్నయ్య మొహం మాడ్చుకున్నా మాట మీద నిలబడ్డాడు. ప్రతి ఉదయం రాలిన కాయలు ఏరి పందులకు వేయడం ఆమె పనుల్లో మొదటిది. జూన్‌లో మొదళ్లకు గోనె పట్టీలు చుట్టింది. కాయ వదిలి దాక్కోవడానికి చోటు వెతుక్కునే పురుగు అందులో దూరుతుంది. దూరినదాన్ని రెక్కలు రాకముందే పట్టీతో సహా విప్పి మరిగే నీళ్లలో వెయ్యాలి. కట్టి మరిచిపోతే మనమే ఉయ్యాల కట్టినట్టు.

అంతోనియో పండుగ రోజు మాత్రం అన్నయ్యకు చెయ్యి ఆగలేదు. పూజ నుంచి వస్తూనే మందు డబ్బా వీపున వేసుకొని బయలుదేరాడు. కొమ్మల మీద నల్లగా, ముళ్లతో, మొసలి పిల్లల్లా ఏవో పాకుతున్నాయట, కొత్త చీడ దిగిందట. వదిన ఎదురు వెళ్లి నిలబడింది. తెల్లని దూదిలాంటి పేనుబంక పట్టిన రెమ్మ ఒకటి తుంచి ఆయన చేతిలో పెట్టి, ఆ మొసలి పిల్లను దాని మీద వదిలింది. అది తల వంచి ఒక్కొక్క పేనునే నమలడం మొదలుపెట్టింది. ఇవి అక్షింతల పురుగుల పిల్లలని, పెద్దవైతే ఎర్ర వీపు మీద నల్ల చుక్కలతో ఆయన చిన్నప్పుడు వేలి మీద ఎగరేసి ఆడుకున్నవేనని చెప్పింది. అన్నయ్య వీపున డబ్బాతోనే అరుగు మీద కూర్చొని రెమ్మ ఖాళీ అయ్యేదాకా చూశాడు. నేను ఇచ్చిన కాఫీ చల్లారిపోయింది. కూర తిన్నాక కూడా ఆ డబ్బా మళ్లీ ఎత్తలేదు.

జూలైలో గుండె జారింది. రోడ్డు వైపు వరసలో కాయల మీద చిన్న రంధ్రాలు, వాటి నోట ఎర్రటి పొట్టు. వదిన ఆ రోజు అన్నం ముట్టలేదు. నిచ్చెన వేసుకొని ఆ వరసలో ప్రతి కొమ్మా వెతికి, గాయం ఉన్న కాయ ప్రతిదీ తుంచింది. నేను కింద బుట్ట పట్టుకొని నిలబడి మెడ పట్టేసి, పురుగు జాతినీ, నిచ్చెన జాతినీ, అన్నయ్య జాతినీ, అంటే నా జాతినే, తిట్టుకున్నాను. లోపల ఎన్ని మిగిలాయో కోసేదాకా తెలియదు. తోట ఆమెకు ఉంటుందో లేదో కూడా అప్పటిదాకా తెలియదు.

సెప్టెంబరు వచ్చింది. కోత మొదలైన ఉదయం అన్నయ్య జేబులో కత్తితో వచ్చి, బకెట్ బోర్లించుకొని పెట్టెల మధ్య కూర్చున్నాడు. వదిన పై కొమ్మల కాయలు, కింది కొమ్మల కాయలు, రోడ్డు వరస కాయలు, అన్నీ తెచ్చి ముందు పోసింది. కోసేవాళ్లు చేతులు ఆపి చూస్తున్నారు.

ఒకటి కోశాడు. తెలుపు, నడుమ గింజలు నిగనిగలాడుతూ. ఇంకోటి. తెలుపు. రోడ్డు వరసది తీసి అటూ ఇటూ తిప్పి కోశాడు. తెలుపే. అన్నయ్య వేగం పెంచాడు, పందెం కాస్తున్నట్టు. చుట్టూ ముక్కలు గుట్టగా పడుతున్నాయి, రసం మోచేతి దాకా కారుతోంది. నేను జపమాల తీయలేదుగాని వేళ్లు వాటంతటవే తిరుగుతున్నాయి. వదిన కదలకుండా నిలబడింది.

అప్పుడు ఒకటి దొరికింది. నల్లటి సొరంగం, చివర ఆ గులాబీ రంగు దొంగ. అన్నయ్య దాన్ని పైకెత్తి పట్టుకున్నాడు.

వదిన వంగి ఆ ముక్క తీసుకొని చూసింది. "ఒకటి," అంది. "పోయినేడు ఈపాటికి మీ కత్తి నల్లబడింది బావగారూ."

అన్నయ్య కత్తి చూసుకున్నాడు. తెల్లటి రసం తప్ప ఏమీ లేదు. రెండో సగం ఆయన చేతిలోనే ఉంది, పురుగు చేరని వైపు. దాన్ని నోట్లో పెట్టుకొని, నములుతూ లేచి, చెట్టు పైకి చూశాడు.

"ఈ పై కొమ్మలు మరీ ఎత్తు పోయాయి, నిచ్చెన అందడం లేదు," అన్నాడు. "జనవరిలో కోసెయ్యాలి. రంపం పదును పెట్టించి ఉంచు."

"మీరే పెట్టించండి," అంది వదిన, అప్పటికే పెట్టె మీదకు వంగి. "నాకు కాయలు సర్దే పని ఉంది."